షేర్డ్ ఫోల్డర్‌లో ఫైలు తెరుచుకోవట్లేదా? ‘ఎవ్రీవన్’కు అనుమతి ఇచ్చే ముందు ఇవి చూడండి

‘‘మీ కాగితాలు సిస్టంలోనే ఉన్నాయండీ. స్కాన్ చేసినాయన సెలవులో ఉన్నారు, మా దగ్గర ఓపెన్ కావట్లేదు. రేపు రండి.’’ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. చాలాసార్లు తప్పు ఫైలుది కాదు, అది ఉన్న షేర్డ్ ఫోల్డర్ అనుమతులది. దీన్ని సరిచేయడానికి పది నిమిషాలు చాలు. అయితే తొందరలో చేసే సర్దుబాటు మీ ఆధార్ కాపీని ఆఫీసులో అందరికీ తెరిచిపెట్టే ప్రమాదం ఉంది.

అసలు సమస్య ఎక్కడ?

ఉదాహరణకు రామచంద్రపురం లాంటి పట్టణంలో ఒక వార్డు సచివాలయాన్ని ఊహించుకుందాం. దరఖాస్తులు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతాయి. స్కాన్ కాపీలు, ఫొటోలు, ఎక్సెల్ జాబితాల్లాంటివి మాత్రం ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో ఉంచి, మిగతా సిబ్బందికి నెట్‌వర్క్ ద్వారా ఇచ్చారనుకుందాం. విండోస్‌లో ఆ ఫోల్డర్‌కు రెండు తాళాలుంటాయి. ఒకటి ‘షేరింగ్’ ట్యాబ్‌లోది, రెండోది ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లోది. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారు రెండూ దాటాలి. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’ ద్వారా ఫోల్డర్‌ను షేర్ చేస్తే మొదట వచ్చేది చదివే అనుమతి మాత్రమే.

లక్షణాన్ని బట్టి కారణం

• ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో అదే లాగిన్‌తో పని జరుగుతోంది, పక్క సిస్టం నుంచి మాత్రం సేవ్ కావట్లేదు: షేరింగ్ అనుమతి ‘రీడ్’ దగ్గరే ఆగి ఉండొచ్చు.

• ఫోల్డర్ తెరుచుకుంటోంది, కొన్ని ఫైళ్లు మాత్రం తెరుచుకోవట్లేదు: వాటిని అదే డ్రైవ్‌లోని మరో ఫోల్డర్ నుంచి కట్-పేస్ట్ చేసి ఉండొచ్చు. అలా జరిపిన ఫైలు సాధారణంగా పాత అనుమతులనే వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేసిన ఫైలు కొత్త ఫోల్డర్ అనుమతులు తీసుకుంటుంది.

• గ్రూపులో పేరు చేర్చినా ప్రవేశం లేదు: ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అప్పటికీ కాకపోతే ఎక్కడైనా ‘డినై’ టిక్ ఉందేమో చూడాలి.

• విండోస్ అప్‌డేట్ తర్వాత ఫోల్డరే కనిపించట్లేదు: విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం డిఫాల్ట్‌గా ఆగిపోయింది. గెస్ట్‌ను మళ్లీ తెరవడం కన్నా ప్రతి ఉద్యోగికీ లాగిన్ ఇవ్వడం మేలు.

జిల్లా మారినా, సీటు మారినా

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అప్పటిదాకా కాకినాడ కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలోని రామచంద్రపురం, అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఇలాంటి మార్పులప్పుడూ, బదిలీలప్పుడూ హార్డ్‌డిస్క్‌లు ఒక సిస్టం నుంచి మరో సిస్టంకు మారుతుంటాయి. అప్పుడు సెక్యూరిటీ ట్యాబ్‌లో మనిషి పేరుకు బదులు ‘ఎస్-1-5-21’తో మొదలయ్యే పొడవాటి అంకెల వరుస కనిపించవచ్చు. అంటే ఆ అనుమతి ఇప్పుడీ సిస్టం గుర్తుపట్టని ఖాతా పేరున ఉంది. అడ్మినిస్ట్రేటర్ ముందుగా ఆ ఫోల్డర్ ఓనర్‌ను మార్చి, తర్వాత కొత్త అనుమతులు ఇవ్వాలి.

ఇలా సరిచేయండి

1. ముందు ఫోల్డర్ బ్యాకప్ తీయండి.

2. వ్యక్తుల పేర్లకు కాకుండా పనిని బట్టి గ్రూపులకు అనుమతి ఇవ్వండి. పింఛన్ల పని చూసేవారు ఒక గ్రూపు, ఇంటి పన్ను చూసేవారు మరొకటి. ఉద్యోగి బదిలీ అయితే గ్రూపులో పేరు మారిస్తే చాలు.

3. గ్రూపుకు ‘మాడిఫై’ సరిపోతుంది. ‘ఫుల్ కంట్రోల్’ ఇస్తే అనుమతులను మార్చే అధికారం కూడా ఇచ్చినట్టే. షేరింగ్ ట్యాబ్‌లో ‘ఎవ్రీవన్’ తీసేసి అదే గ్రూపును చేర్చి, ‘చేంజ్’ ఇవ్వండి.

4. సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, లోపలి ఫైళ్లన్నీ పై ఫోల్డర్ అనుమతులు తీసుకునే ఆప్షన్‌ను ఎంచుకోండి. లోపల ప్రత్యేకంగా కట్టడి చేసిన ఫోల్డర్లు ఉంటే ముందే రాసి పెట్టుకోండి. ఈ ఆప్షన్ వాటినీ మార్చేస్తుంది.

5. అక్కడే ‘ఎఫెక్టివ్ యాక్సెస్’లో ఉద్యోగి పేరు ఇచ్చి ఫలితం చూసుకోండి.

లినక్స్ సర్వర్‌లో సాంబా వాడితే కొత్త ఫైలుకు డిఫాల్ట్ విలువ 0744. అంటే సృష్టించినవారే మార్చగలరు, మిగతావారు చదవగలరు. ‘క్రియేట్ మాస్క్’ను 0660గా, ‘డైరెక్టరీ మాస్క్’ను 2770గా మార్చి, ‘ఫోర్స్ గ్రూప్’లో గ్రూపు పేరు ఇస్తే ఇకపై వచ్చే ఫైళ్లను ఆ గ్రూపువారు మార్చగలరు, బయటివారు చూడలేరు. పాత ఫైళ్లకు విడిగా సరిచేయాలి.

అందరికీ ఇచ్చేస్తే పోలేదా?

రెండు షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లలోనూ ‘ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్’ ఇస్తే సమస్య అప్పటికప్పుడు తీరుతుంది. అందుకే అది అంత తేలిగ్గా అలవాటవుతుంది. కానీ ఆ ఫోల్డర్‌లో ఉన్నవి జనం ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు. ఏ లాగిన్‌తోనైనా వాటిని చూడొచ్చు, చెరిపేయొచ్చు. 2017 మేలో వచ్చిన వన్నాక్రై వైరస్ ఫైల్ షేరింగ్‌కు వాడే ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపం ద్వారా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి కారణం అనుమతుల పొరపాటు కాదు. అయితే ఇలాంటి వైరస్ ఒక్క సిస్టంలో చేరినా, ఆ లాగిన్‌కు మార్చే అనుమతి ఉన్న ప్రతి ఫైలునూ లాక్ చేయగలదు. అనుమతి ఎంత విస్తరిస్తే నష్టమూ అంత.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తగిన రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానాకు చట్టంలో వీలుంది.

దరఖాస్తుదారుగా మీరేం చేయాలి?

దరఖాస్తు నంబరు ఉన్న రసీదు తప్పక తీసుకోండి. ‘ఫైలు ఓపెన్ కావట్లేదు’ అంటే, నమోదైన దరఖాస్తును ఆ నంబరుతో పోర్టల్‌లో చూడమని అడగండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఒప్పుకునే చోట అదే ఇవ్వండి. ‘రేపు రండి’ అంటే, ఆ ఫోల్డర్ అనుమతులు ఎవరు చూస్తారో మర్యాదగానే అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ తర్వాత వరుసలో ఉన్నవారికి కూడా ఒక రోజు మిగల్చవచ్చు.