హైదరాబాద్ నగర పోలీసు
నిజాం కాలపు కొత్వాలీకి వారసత్వంగా వచ్చిన కమిషనరేట్ ఇది. కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని నగరం నేటికీ గౌరవంగా తలుచుకుంటుంది. ఐపీఎస్ అధికారి అయిన కమిషనర్ కింద డీసీపీలు జోన్లను, ఏసీపీలు డివిజన్లను చూస్తారు. ఠాణాకు ఇన్‌స్పెక్టరే పెద్ద. జిల్లాల్లో కలెక్టరు, తహసీల్దార్ల చేతిలో ఉండే మేజిస్ట్రేటు అధికారాలు కొన్ని ఇక్కడ కమిషనర్‌వే. గుంపులు కూడరాదన్న నిషేధాజ్ఞలు, వినాయక నిమజ్జనం రోజు ట్రాఫిక్ మళ్లింపులు ఆయన ఉత్తర్వులతోనే అమలవుతాయి. మేయర్‌కు పోలీసులపై అజమాయిషీ లేదు. కమిషనర్ డీజీపీకి, ఆపై హోంశాఖకు జవాబుదారీ. ఇంత అధికారానికి బయటి నిఘా తప్పనిసరి. కోర్టులు, మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి; వాటికి తోడు పోలీసులపై ఫిర్యాదులు వినే ప్రత్యేక సంస్థను ప్రతి రాష్ట్రమూ పెట్టాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఠాణాలో ఎఫ్ఐఆర్ రాయకపోతే ఫిర్యాదును డీసీపీకి రాతపూర్వకంగా పంపుకోవచ్చు; నమోదైతే నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.