గడప దాటిన తారు

తారుకీ మనకీ ఏమిటి సంబంధం, అది మునిసిపాలిటీ వాళ్ల గొడవ కదా అంటారేమో! నిజమే. ఎండాకాలంలో చెప్పుకి అంటుకుని, అక్కణ్ణించి చీర అంచుకి పాకి, ఎంత కిరసనాయిలు పెట్టి రుద్దినా వదలని నల్లమరక తప్ప దానితో మనకి పరిచయం తక్కువ. అయినా దాని చరిత్ర చదువుతూ పోతే, ఆఖరికి అది ఇంటి గడప దగ్గరకే వచ్చి ఆగింది.

ముందొక చిన్న సంగతి చెప్పాలి. మనం తారు రోడ్డంటాం, తెలంగాణలో డాంబర్ రోడ్డంటారు. కానీ నల్లటి పదార్థాలు రెండున్నాయి. ముడి పెట్రోలియాన్ని శుద్ధి చేశాక అడుగున మిగిలే చిక్కటి జిడ్డు ఒకటి. దాని పేరు బిట్యుమెన్. ఇవాళ రోడ్లకి వాడేది అదే. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి గ్యాసో కోకో తీసేటప్పుడు వచ్చేది రెండోది. అసలు తారు అది. చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, గుణాలే వేరు.

19వ శతాబ్దం మొదట్లో స్కాట్లండు వాడైన జాన్ మెకాడం ఒక కిటుకు చెప్పాడు. బండి బరువు మోసేది పైన పరిచిన రాళ్లు కావు, కింద ఉన్న నేల. ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుంది. అంటే రోడ్డు నేలకి వేసిన కప్పు అన్నమాట! అందుకని ఆరు ఔన్సులు మించని కంకర రాళ్లు బిగువుగా పరిచి, నీళ్లు పక్కలకి జారేలా మధ్య కాస్త ఎత్తు పెట్టమన్నాడు. గుర్రబ్బళ్లకి అది చాలింది. మోటారు కార్లు రాగానే ఆ రోడ్లు దుమ్మెత్తిపోశాయి.

1901లో ఇంగ్లండులో ఎడ్గార్ హూలీ అనే సర్వేయరు ఒక ఇనుప కర్మాగారం దగ్గర నడుస్తూ, దారిలో తారు పీపా పగిలి ఒలికిపోవడం, దానిమీద ఎవరో ఇనుప చిట్టెం పోసి ఉండడం చూశాడట. అంతమేర దుమ్ము లేవలేదు. మరుసటి ఏడే పేటెంటు పుచ్చుకున్నాడు.

అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊళ్ల అంచుల్లో పెద్ద పెద్ద దుకాణాలు వెలిశాయి. దుకాణం ఎంతో, దాని ముందు కార్లు నిలిపే నల్లటి మైదానం అంతకు రెండింతలు. దాన్ని కాపాడుకోవడం యజమానికి ఖర్చుతో కూడిన పని. మన డాబాకి సన్నగీత పడితే వానాకాలం రాకముందే పూడ్పించమా? అలాగే అక్కడా పగుళ్లు కనిపించగానే కాచిన జిగురు పోసి మూయాలి. మూయకపోతే నీళ్లు దిగి అడుగుమట్టి మెత్తబడుతుంది. పైన మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగుళ్లు లేస్తాయి. అక్కడిదాకా వస్తే పైపూతలు పనిచెయ్యవు, తవ్వి మళ్లీ వేయాల్సిందే.

అందుకే కొన్నేళ్లకోసారి పైన నల్లటి పూత వేయించడం అలవాటైంది. కార్లనుంచి కారే పెట్రోలు, నూనె చుక్కలు బిట్యుమెన్‌ని కరిగిస్తాయి. రెండూ ఒక పుట్టింటివే కదా! బొగ్గు తారుని మాత్రం అవి ఏమీ చెయ్యలేవు. పైగా కొత్త పూత నిగనిగలాడుతుంది. ఇంకేం, అమెరికా మధ్య, తూర్పు ప్రాంతాల్లో బొగ్గు తారు పూతకి గిరాకీ పెరిగింది.

అయితే ఆ బొగ్గు తారు సామాన్యమైంది కాదు. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లకి మసివల్ల కాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే లండన్ డాక్టరు 1775లోనే రాశాడు. 1915లో జపానులో యమగివా, ఇచికావా అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకి నెలల తరబడి బొగ్గు తారు రాసి కాన్సర్ పుట్టించి చూపించారు. ఇంత తెలిసీ ఆ తారునే పిల్లలు ఆడుకునే జాగాలకి పూశారు!

టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో వాగుల అడుగుమట్టిలో విషపదార్థాలు ఎక్కువగా ఉన్నాయని అధికారులు వెతుక్కుంటూ వెళితే, జాడ కార్లు నిలిపే చోట్లకి తీసుకెళ్లింది. చక్రాల రాపిడికి పూత పొడి అయి, వానకి కొట్టుకుపోయి, వాగులో చేరుతోంది. బొగ్గు తారు పూతలో ఆ పదార్థాలు బిట్యుమెన్ పూతలోకంటే సుమారు వెయ్యిరెట్లు ఎక్కువ. తయారీదార్లు ఒప్పుకోలేదు, వాదించారు. అయినా 2005లో ఆస్టిన్ నగరం ఆ పూతని నిషేధించింది. అమెరికాలో అదే మొదటిది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2010లో వచ్చిన మరో పరిశోధన. అదే ఊళ్లో 23 అపార్టుమెంట్లలో ఇంటి దుమ్ము పరీక్షించారు. బొగ్గు తారు పూసిన పార్కింగు పక్కనున్న ఇళ్ల దుమ్ములో ఆ పదార్థాలు తక్కిన ఇళ్లకంటే 25 రెట్లున్నాయి. దుమ్ము చెప్పులతో వస్తుంది. దోగాడే పిల్లాడు ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. ఆస్టిన్‌లో ఉంటున్న మా ఆడబిడ్డ కూతురికి ఫోనులో ఇది చెబితే, "గడప బయట చెప్పులు విప్పమంటే ఇక్కడ కొందరు చాదస్తం అనుకుంటారత్తయ్యా" అని నవ్వింది. చాదస్తమే కానీండి, అమ్మమ్మల చాదస్తానికి ఇన్నాళ్లకి ఒక శాస్త్రం దొరికింది.

నిషేధం తర్వాత ఏమైందంటే, ఆస్టిన్ నడిబొడ్డున ఉన్న సరస్సు అడుగుమట్టిలో ఆ పదార్థాలు సగానికి పైగా తగ్గాయని 2014లో ప్రకటించారు. ఊరు పూనుకుంటే పదేళ్లలో మట్టి కూడా కోలుకుంటుందన్నమాట.

ఇప్పుడు మన ఊళ్లలోనూ అపార్టుమెంట్ల కింద, షాపుల ముందు నల్లటి జాగాలు పరుచుకుంటున్నాయి. అసోసియేషన్ మీటింగులో కొత్త పూత మాట వచ్చినప్పుడు అడుగుకి ఎంత అనేది మగవాళ్లు ఎలాగూ అడుగుతారు. ఆ డబ్బాలో ఉన్నది బిట్యుమెనా, బొగ్గు తారా అని మనం అడుగుదాం. ఇల్లు తుడిచేది మనమే కదా!