డ్రామ్: ఒక మాట, రెండు మందులు

ఇంగ్లీషు గళ్ళనుడికట్టులో ‘చిన్న మోతాదు, నాలుగక్షరాలు’ అని ఆధారమిస్తే డ్రామ్ అని నింపి చూడండి. ‘కొద్దిపాటి విస్కీ’ అన్నా అదే సమాధానం. మన ‘మందు’ వంటిదే ఆ మాటా! గ్రీకు నాణెం ద్రాక్మా నుండి పుట్టి, ఔషధశాలలో 60 గ్రెయిన్ల తూకమైనది, సుమారు 3.9 గ్రాములు. ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. వైద్యుని చీటీలో ఈ రెండింటి గుర్తులకు భేదం పైనున్న ఒక్క గీత మాత్రమే. అది పొరపాటున పడితే రోగికి ఎనిమిది రెట్ల మోతాదు అందేది. నల్లమందు ద్రావకమైతే ప్రాణమే పోవచ్చు. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి. అయినా వంటింటి చెంచాలన్నీ 5 మిల్లీలీటర్లు పట్టవు. సీసాతో ఇచ్చిన కొలత మూతనే వాడండి. షాంపేన్ సీసాలు మాత్రం బైబిలు రాజులను విడువలేదు: యరొబాము పేరిటిది 3 లీటర్లు, నెబుకద్నెజరు పేరిటిది 15.