ఎంఎస్ ఉన్నవారికి వీఆర్ గేమ్స్.. చేతికి పట్టు వస్తుందా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంటే చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టమే. నరాల తంతువుల పైపొర దెబ్బతిని, మెదడు ఆదేశాలు చేతికి సరిగా అందవు. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని బంతులు పట్టే ఆటలాడితే ఒకే కదలికను విసుగు లేకుండా పదేపదే చేయొచ్చు. అసలు లాభం అదే. అధ్యయనాలు చాలావరకు చిన్నవి కాబట్టి మందులు, ఫిజియోథెరపీ మానేయకండి. గేమ్ స్కోరు చూసి మురిసిపోవద్దు. తొమ్మిది పుల్లలను రంధ్రాల్లో పెట్టి తీసే పరీక్షలో సమయం తగ్గిందా అని థెరపిస్టును అడగండి. ఒళ్లు వేడెక్కితే లక్షణాలు కాసేపు పెరుగుతాయి. అందుకే ఫ్యాన్ కింద కూర్చుని, మధ్యమధ్యలో ఆగుతూ ఆడండి. కళ్లు తిరిగితే ఆపేయండి.

అన్నట్టు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది. యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చాలా పథకాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.