ఓడలో మరుగుదొడ్డి: దాని చరిత్ర, దానిలోని శాస్త్రం

ఇంటి మరుగుదొడ్డిలో చెంబెడు నీరు పోస్తే మలినం గొట్టం వెంట పల్లానికి పోతుంది. ఈ పని చేసేది గురుత్వాకర్షణ. మనం వేరే శ్రమ పడనక్కరలేదు. ఓడలో ఈ సౌకర్యం లేదు. మనుషులు నివసించే గదులు తరచు బయటి నీటిమట్టానికి దిగువన ఉంటాయి. అక్కడ ఓడ గోడకు రంధ్రం చేస్తే లోపలి మలినం బయటకు పోవడానికి మారుగా బయటి నీరే లోపలికి వస్తుంది. మలినాన్ని పంపవలెను, నీటిని రానీయరాదు. ఈ రెండు పనులనూ ఒక్క గొట్టంతో సాధించడానికి మానవుడు పడిన పాట్లే ఓడ మరుగుదొడ్డి చరిత్ర. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాసులకు దీనితో పని ఏమిటని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. అది ఎట్లాంటిదో చివరకు చూతాము.

పుట్టి నుండి తెరచాప ఓడ వరకు

మన కృష్ణా తుంగభద్రలపై తరతరాలుగా నడిచిన వాహనం పుట్టి. వెదురు బద్దలతో గుండ్రని బుట్టవలె అల్లి, పైన పూర్వం తోలు, తరువాతి కాలంలో తారు పూసిన పట్ట కప్పుతారు. ఈ ఒడ్డున ఎక్కి ఆ ఒడ్డున దిగడమే గనుక అందులో మరుగుదొడ్డి ప్రసక్తి రాలేదు. నెలల తరబడి సముద్రంపై ఉండే తెరచాప ఓడల సంగతి వేరు. వాటిలో నావికులు ఓడ ముక్కు భాగాన, నీటికి పైన, కంతలున్న బల్లలు అమర్చుకొన్నారు. ముక్కు భాగమే ఎందుకు? తెరచాప ఓడకు గాలి సాధారణంగా వెనుక నుండియో ప్రక్క నుండియో వీస్తుంది. అందుచేత దుర్గంధం ఓడపైకి రాక ముందుకు కొట్టుకొని పోతుంది. ముక్కుకు తగిలే అలలు ఆ చోటును కడిగివేస్తాయి కూడా. ఓడ ముక్కును ఇంగ్లీషు నావికులు ‘హెడ్’, అనగా తల, అనేవారు. నేటికీ ఓడలోని మరుగుదొడ్డికి వారి భాషలో అదే పేరు. తుపానులో అక్కడికి పోవడం మాత్రం ప్రాణాపాయకరం. కప్తానుకు వెనుక భాగాన వేరే చాటు గది ఉండేది.

నేల మీది ఉపాయం నీటి మీద చెల్లలేదు

నీటితో కడిగే మరుగుదొడ్డిని ఇంగ్లండులో సర్ జాన్ హారింగ్టన్ 1596లో వర్ణించినాడు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ గొట్టాన్ని పాము మెలికవలె వంచి, ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచేటట్లు చేసి పేటెంటు పొందినాడు. ఆ నీరే మూతయై దుర్వాయువులను అడ్డుతుంది. నేటికీ మన ఇండ్లలో ఉన్నది ఈ వంపే. 1778లో జోసెఫ్ బ్రామా కీలుపై తిరిగే కవాటంతో మరొక పద్ధతి కనిపెట్టినాడు.

ఓడ ఊగుతున్నప్పుడు వంపులోని నీరు నిలకడగా ఉండదు. పైగా మలినాన్ని లాగివేసే పల్లమూ లేదు. కాబట్టి నీటిమట్టానికి దిగువన ఉన్న మరుగుదొడ్డికి గట్టి కవాటమూ, నెట్టే శక్తీ కావలసి వచ్చినవి. చేతి పంపు ఈ కొరత తీర్చింది. పంపులో పైకి క్రిందికి కదిలే ముషలకం ఒక ప్రక్క బయటి నీటిని తొట్టిలోకి తెస్తుంది, రెండవ ప్రక్క మలినాన్ని బయటకు నెడుతుంది. నెట్టినది తిరిగి రాకుండా గొట్టంలో బాతుముక్కు ఆకారం గల రబ్బరు కవాటం ఉంటుంది. ఓడ గోడ దగ్గర చేతితో మూసే మరొక కవాటం ఉంటుంది.

ఈ కవాటాల విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నీటిమట్టానికి 1 మీటరు లోతున 2.5 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రం ఉన్నదనుకొందాము. టారిసెల్లి సూత్రం ప్రకారం నీరు సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో చొరబడుతుంది. రంధ్రం వద్ద ధార సన్నబడడాన్ని లెక్కలోకి తీసుకొన్నా నిమిషానికి 75 లీటర్లకు పైగా నీరు లోపల చేరుతుంది. గంటలో నాలుగున్నర వేల లీటర్లు! చిన్న పడవ మునగడానికి ఇది చాలును.

సైఫన్ వల్ల మరొక ప్రమాదం ఉన్నది. బకెట్టులోని నీటిని రబ్బరు గొట్టంతో క్రింది పాత్రలోకి దించే ప్రయోగం విద్యార్థులు ఎరిగినదే. సముద్రం బకెట్టు అయితే, దిగువనున్న తొట్టి క్రింది పాత్ర. ఎవరూ పంపు కొట్టకపోయినా నీరు దానంతట అదే తొట్టిలోకి వచ్చి నిండి పొర్లుతుంది. దీనికి విరుగుడుగా గొట్టాన్ని నీటిమట్టానికి బాగా ఎత్తున మలచి, ఆ మలుపు వద్ద గాలి చొరబడే చిన్న కవాటం పెడతారు. గాలి చేరగానే సైఫన్ తెగిపోతుంది.

అరువది మీటర్ల లోతున

జలాంతర్గామిలో ఈ చిక్కు అనేక రెట్లు పెరుగుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం అధికమవుతుంది. 60 మీటర్ల లోతున, 10 సెంటీమీటర్ల చదరం గల మూతపై పడే బలం సుమారు 600 కిలోగ్రాముల బరువుతో సమానం. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములలో చాలావాటికి లోతున మరుగుదొడ్డి వాడే వీలుండేది కాదు. యు-1206 అనే నౌకలో లోతున కూడా పనిచేసే కొత్త రకం అమర్చినారు. దాని కవాటాలను ఒక నిర్ణీత క్రమంలో త్రిప్పవలెను. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండు తీరాన ఆ మరుగుదొడ్డి నుండి సముద్రజలం లోపలికి వచ్చింది. తప్పు ఎవరిదన్న విషయంలో కథనాలు వేరువేరుగా ఉన్నవి. నీరు బ్యాటరీలను చేరింది. ఉప్పునీరు, బ్యాటరీలు కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. నౌక పైకి తేలక తప్పలేదు. తేలగానే విమానాలు దాడి చేసినవి. చివరకు నావికులే దానిని ముంచివేయవలసి వచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయినారు.

జలాంతర్గామి లోపలి ఇరుకును కంటితో చూడదలచినవారు విశాఖపట్నం పోవచ్చును. 1969 నుండి 2001 వరకు మన నౌకాదళంలో సేవ చేసిన ఐ.ఎన్.ఎస్. కుర్సురా 2002 నుండి అక్కడి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉన్నది. 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు గొట్టంలో సుమారు 75 మంది రోజుల తరబడి జీవించేవారు.

గొట్టంలో పుట్టే రాయి

ఓడ మరుగుదొడ్డి పూడిపోవడానికి రెండు కారణాలు. మొదటిది, వేయరాని గుడ్డలు, కాగితాలు అందులో వేయడం. రెండవది రసాయనికమైనది. లీటరు సముద్రజలంలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేసినప్పుడు అమ్మోనియా పుట్టి నీటికి క్షార గుణం వస్తుంది. అప్పుడు కాల్షియం కార్బొనేటు, ఫాస్ఫేటు లవణాలు గొట్టం లోపల పొరలు పొరలుగా పేరుకొంటాయి. బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొరను పాలమూరు గృహిణులందరూ ఎరుగుదురు. ఇదీ అటువంటిదే. ఆ గిన్నెను చింతపండుతో తోమడంలోనే దీనికి మందు కూడా ఉన్నది. చింతపండులోని ఆమ్లం సున్నపు పొరను కరిగిస్తుంది. నావికులు వెనిగర్ గాని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాని వాడుతారు.

పూడిక తీసేటప్పుడు మొదటి పని ఓడ గోడ వద్ద కవాటాలు మూయడం. గొట్టం విప్పడం ఆ తరువాతనే. ఆమ్లాన్ని బ్లీచింగు పౌడరుతో ఎన్నడూ కలుపరాదు. కలిపితే యు-1206లో పుట్టిన వాయువే ఇక్కడా పుడుతుంది. ఈ జాగ్రత్త ఇంటికీ, పాఠశాలకూ వర్తిస్తుంది. పూడిక రాకుండా ఉండాలంటే వాడిన ప్రతిసారీ గొట్టంలోని మలినమంతా పోయేవరకు పంపు కొట్టవలెను. ఈ బెడద చిన్న పడవలదే అనుకోరాదు. 4,000 మందికి పైగా ఉండే అమెరికా విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డులో గొట్టాలను ఆమ్లంతో ఒకసారి కడగడానికి సుమారు 4 లక్షల డాలర్లు ఖర్చవుతున్నదని ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థ 2020లో తెలిపింది.

బయట ఉన్నది ఎవరి నీరు?

ఇంతవరకు మలినాన్ని బయటకు పంపడమే సమస్య. బయటకు పోయిన తరువాత అది ఏమవుతుందన్న విచారణ చాలా ఆలస్యంగా వచ్చింది. అంతర్జాతీయ ఒడంబడికలోని నాలుగవ అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చి, తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల శుద్ధి చేయని మలినాన్ని వదలరాదని శాసించింది. నాటి నుండి మలినాన్ని నిలువచేసే ట్యాంకులకు, శుద్ధి యంత్రాలకు ప్రాముఖ్యం పెరిగింది.

ఇక మన పని. శ్రీశైలం ఆనకట్ట వల్ల కొల్లాపురం ప్రాంతాన కృష్ణ ఒక సరస్సు అయినది. జలాశయం నిండిన కాలంలో సోమశిల నుండి నల్లమల కొండల నడుమ శ్రీశైలానికి పర్యాటక లాంచీలు పోతున్నవి. ఆరేడు గంటల ప్రయాణం గనుక, పుట్టికి లేని ప్రశ్న లాంచీకి ఉన్నది. అదే జలాశయం నీటిని సమీపంలోని ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పంపులు తోడుతున్నవి. అది పొలాలకే కాదు, త్రాగడానికి కూడా. సముద్రజలం ఎవరూ త్రాగరు. ఈ నీరు మనం త్రాగుతాము. నీటి శుద్ధి కేంద్రాలు ఉన్న మాట నిజమే. కాని ఒడ్డున చేపలు పట్టేవారు, పశువుల కాపరులు దోసిటితో నేరుగా త్రాగేది నదినే.

ఇంత నీటిలో ఒక పడవ మలినం ఎంత అనరాదు. 1854లో లండనులోని బ్రాడ్ వీధిలో ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు బావిలోకి ఊరిన ఫలితంగా కలరా వ్యాపించి 600 మందికి పైగా మరణించినారు. వైద్యుడు జాన్ స్నో దాని మూలం ఆ బావి నీరేనని నిరూపించినాడు. జలాశయం బావి కాదు. అయినా రోగక్రిముల విషయంలో పరిమాణం ఒక్కటే ప్రమాణం కాదు. మన దేశంలో 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం నదులపై నడిచే మరనౌకల మలినాలను కూడా అదుపు చేస్తున్నది.

కనుక నదిలో పోయే పడవకు తగిన మరుగుదొడ్డి మలినాన్ని బయటకు నెట్టేది కాదు, ట్యాంకులో దాచి ఒడ్డుకు చేర్చేది. సోమశిలకు విహారానికి పోయే ఉపాధ్యాయులు, విద్యార్థులు లాంచీ ఎక్కినప్పుడు ఈ ట్యాంకు ఎక్కడ ఉన్నది, దానిని ఎక్కడ ఖాళీ చేస్తారు అని సిబ్బందిని అడిగి తెలుసుకోవలెను. అది పాఠంలో ఒక భాగమే.