గోదావరికి ఆవలి గట్టు

చరిత్ర రచనకు శాసనములు, తామ్రపత్రములు, సర్కారు దఫ్తరములు ఆధారములని చిన్ననాటి నుండి వినుచున్నాము. పందొమ్మిదవ శతాబ్దము ఈ పట్టికకు మరియొక సాధనమును చేర్చినది. అది ఛాయాచిత్రము. శాసనము వేయించిన రాజు తాను చెప్పదలచినంతయే చెప్పును. దఫ్తరము వ్రాసిన గుమాస్తా తన పై అధికారికి కావలసినంతయే వ్రాయును. ఛాయాచిత్రములో మాత్రము, తీసినవాడు తలపెట్టని వస్తువులు కూడ వచ్చి చేరుచుండును. మూలనున్న ధాన్యపు గాదె, కట్టుకొన్న కోక నేత, చూరుకు వ్రేలాడు నాగలి, వెనుక నిలిచిన పసివాడు - ఇవన్నియు ఏబది అరువది యేండ్ల తరువాత పెద్ద సాక్ష్యములగును.

మెట్‌పల్లి నుండి ఉత్తరముగా బయలుదేరినవాడు ఒకటి రెండు ఆమడలలో గోదావరి ఒడ్డు చేరును. ఈవలి గట్టున జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి సీమ. చెరువుల క్రింది వరి, నేతగాండ్ర మగ్గములు, ఖాదీ నూలు, సంత బజారులు. ఆవలి గట్టున ఖానాపూరు దాటినపిమ్మట నేల మెల్లగా లేచి అడవి యగును. ఆ మెట్టలలో ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు ప్రాంతములలో గోండులు, కొలాములు, పర్ధానులు తరతరములుగా కాపురమున్నారు. నది ఒక్కటే యైనను రెండు గట్టుల చరిత్రలు వేరు. ఆవలి గట్టు చరిత్రను కన్నులకు కట్టించు గొప్ప ఛాయాచిత్ర సంచయము ఒకటి నేడు లండను నగరమున భద్రమై యున్నది. దానిని తీసినవాడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఈయన 1909లో వియన్నా నగరమున జన్మించెను. మానవశాస్త్రము అభ్యసించి, నాగా కొండలలో పరిశోధన గావించి, 1939లో భార్య బెట్టీతో మరల ఇండియాకు వచ్చెను. ఆ యేటనే రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమైనది. అంతకు పూర్వమే ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొనినందున ఆయన చేతనున్నది జర్మను పాసుపోర్టు. బ్రిటిషు ప్రభుత్వము దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. తుదకు నిజాము రాజ్యపు పొలిమేరలు దాటరాదను కట్టుబాటుతో ఆయనను హైదరాబాదులో ఉండనిచ్చిరి. యూరపులో రాజుకొనిన యుద్ధము ఒక పండితుని తెలంగాణమున కట్టివేసినది; ఆ కట్టుబాటే ఆయనను మన అడవులకు నడిపించినది. 1940లో నల్లమలలోని చెంచులను, మరుసటి యేట గోదావరి కొండలలోని రెడ్లను, అటుపిమ్మట ఆదిలాబాదు గోండులను ఆయన సందర్శించి, వారి మధ్య నివసించి, వ్రాతతో పాటు కెమేరాను కూడ వినియోగించెను.

ఆదిలాబాదునకు ఆయన వెళ్లిన కాలము సామాన్యమైనది కాదు. 1940లో జోడేఘాటు వద్ద కొమురం భీము పోలీసు కాల్పులలో నేలకొరిగెను. భీము పోరునకు మూలము భూమి. గోండులు తేలిక నేలలను కొన్నియేండ్లు దున్ని, కొన్నియేండ్లు బీడు విడిచి, మరల దున్నుకొనుట ఆచారము. వారిలో పెక్కుమంది పట్టా లేక శివాయి జమాబందీ క్రింద సాగు చేయువారు. సర్కారు అడవులకు హద్దులు వేసినపుడు బీడు విడిచిన చేలు అడవి లెక్కలో పడినవి. హద్దుకు వెలుపల మిగిలిన మంచి భూములకు, ఉర్దూ దరఖాస్తు వ్రాయగల మైదానపువారు, పట్వారి గుట్టు తెలిసినవారు పట్టాలు పొందిరి. తాత నాటి ఇప్పచెట్టు క్రింద నిలిచిన గోండు తన చేనిలో తానే పరాయివాడయ్యెను.

భీము మరణానంతరము ఈ అశాంతికి కారణములు తెలిసికొనవలసిన అవసరము నిజాము ప్రభుత్వమునకు కలిగినది. హైమన్‌డార్ఫ్ జైనూరు సమీపమున గల మార్లవాయి అను గోండు పల్లెలో మకాము పెట్టి, విచారించి, నివేదికలు సమర్పించెను. అవి 1945లో గ్రంథరూపమున వెలువడినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసినది. గోండీ భాషలో వాచకములు తయారైనవి. 1945 నుండి 1949 వరకు ఆయన గిరిజన వ్యవహారములలో ప్రభుత్వమునకు సలహాదారుగా ఉండెను. వేలాది కుటుంబములకు భూమి పట్టాలు లభించుటకును, 1946 నాటి గిరిజన ప్రాంతముల నిబంధనకును ఈ కృషి తోడ్పడినది. సర్కారు భీమును బ్రతికియుండగా వినియుండినచో ఈ నివేదికల అవసరమే లేకపోవునని మేము తలంచుచున్నాము.

ఆ కాలపు ఛాయాచిత్రములలో ఏమి కనుపించును? వెదురు తడికలకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన ఇండ్లు కనుపించును. జొన్న కళ్లములు, ఎడ్ల మందలు, పెండ్లి పందిళ్లు, పెర్సపేను కొలువులు కనుపించును. దీపావళి దినములలో దండారి ఆడు యువకులు, నెమలి ఈకల కిరీటములు ధరించిన గుస్సాడీలు, కిక్రీ వాయించి వంశగాథలు గానము చేయు పర్ధానులు కనుపించుదురు. పలక పట్టిన తొలి తరము పిల్లలు కూడ అందున్నారు. నెమలి ఈకల కిరీటమును చూచి ముచ్చట పడువారు అనేకులు. మేము మాత్రము ఆ ఎడ్ల మందలను, ఆ జొన్న కుప్పలను ఎక్కువ శ్రద్ధతో చూడుమందుము. కూడు, గుడ్డ, గోడ్డు గోద గల ఒక సమాజము తన కాళ్లపై తాను నిలిచియుండెననుటకు అవియే రుజువులు.

హైమన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951 నుండి 1976 వరకు అచట ఆచార్యుడుగా పనిచేసెను. పదవీ విరమణానంతరము మరల ఆదిలాబాదు పల్లెలకు వచ్చి, పూర్వము తాను చూచిన చోట్లనే చూచెను. చాల చోట్ల భూములు చేతులు మారియుండెను. బాటలు పడినవి, బస్సులు వచ్చినవి. వానితో పాటు షావుకార్లును, పత్తి బేరగాండ్రును వచ్చిరి. టేకు అడవి పలచబడెను. గిరిజనుల భూమి పరులపాలు కాకుండ 1959లో నిబంధన ఏర్పడి, 1963లో తెలంగాణమునకు వర్తించి, 1970లో మరింత బిగింపబడినను, కాగితము మీది చట్టము చేనిగట్టు దాక చేరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులు ఆ అసంతృప్తికి రక్తసాక్ష్యము. మరుసటి సంవత్సరము వెలువడిన తన గ్రంథములో ఆయన ఈ పతనమును నిర్మొగమాటముగా వర్ణించెను. నలుబది యేండ్ల నాటి చిత్రములు లేకున్నచో, పోయినదేమో కొలుచుటకు కొలబద్ద ఉండెడిది కాదు.

ఈ సంచయమునకు పరిమితులు లేకపోలేదు. కెమేరా పట్టినవాడు ప్రభుత్వమునకు సలహాదారు; ఎదుట నిలిచినవాడు ఆ ప్రభుత్వమునకు లోబడిన రైతు. ఏ బొమ్మ తీయవలెనో నిర్ణయించినది మొదటివాడు. తన్ను గూర్చి తాను చెప్పుకొను అవకాశము రెండవవానికి ఆనాడు లభింపలేదు. పట్టా వ్రాయించుకొనిన మైదానపు చేయి ఆ దండారి చిత్రములలో కానరాదు. ఆ చేయి మన గట్టుదే కావచ్చును. కావున ఈ చిత్రములను చూచునపుడు చట్రము లోపలి మనుష్యులను మాత్రమే కాక, చట్రమునకు వెలుపల నిలిచినవారిని కూడ మనము తలచుకొనవలెను.

అయినను ఆ పల్లె ఆయనను పరాయివానిగా ఎంచలేదు. 1987 జనవరి 11న బెట్టీ హైదరాబాదులో మరణించినపుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఏటేట ఆ దినమున గోండులు అచట చేరి నివాళి అర్పించుచున్నారు. హైమన్‌డార్ఫ్ 1995లో కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రించిన గుస్సాడీ నృత్యమును జీవితాంతము నేర్పిన మార్లవాయి వాసి కనక రాజునకు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆయన 2024లో దివంగతుడయ్యెను. బొమ్మలో నిలిచిపోయినదని తలచిన ఆట పల్లెలో నేటికిని ఆగలేదు.

వేల సంఖ్యలోనున్న ఈ చిత్రములు లండనులో శీతల మందిరములలో పదిలముగా నుండుట మేలే. కాని వానికి నిజమైన చోటు మార్లవాయి బడి గోడ. తన ముత్తాత దున్నిన చేనిని, ఆ చేని వెనుకనున్న కొండను ఒక గోండు బాలుడు గుర్తించి చూపగలిగిననాడే ఆ సంచయము సార్థకమగును. ప్రతులు తీయుట నేడు కష్టము కాదు, తలంపు కావలెను.

ఈవలి గట్టువారికి కూడ ఇందొక పాఠమున్నది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణములలో ఇంటింట పెట్టె అడుగున పాత ఛాయాచిత్రములు పడియుండును. మగ్గము ముందు కూర్చున్న తాత, సంతలో నిలిచిన బండి, బడి ముందు వరుసగా నిలిచిన పిల్లలు - ఇవియును చరిత్రయే. పెద్దలు ఉండగనే వారిని అడిగి, ప్రతి బొమ్మ వెనుక ఊరు, మనిషి, సంవత్సరము వ్రాసియుంచుడు. వ్రాయని బొమ్మ ఒక తరము దాటినచో ఎవరిదో తెలియక పోవును.