ముళ్ళకంప ముచ్చట

ఒరే అబ్బోడా, ఆగు! భోగిమంటకు పాత తట్టలు వెయ్యి, పిడకలు వెయ్యి. ఆ నేరేడు మొక్క చుట్టూ పెట్టిన ముళ్ళకంప మాత్రం లాగొద్దు. ఇట్లా వచ్చి కూర్చో, ముళ్ళ విలువ నాకెట్లా తెలిసిందో చెప్తా.

మేము మదనపల్లి నుంచి బెంగళూరు మత్తికెరెకు వచ్చిన కొత్తలో, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అదే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, నాకు తోటపని దొరికింది. అక్కడ మాధవ్ గాడ్గిల్ గారని పర్యావరణ శాస్త్రం తెలిసిన పెద్దాయన ఉండేవారు. హార్వర్డ్‌లో చదివి, 1971లో దేశానికి తిరిగొచ్చిన మనిషి. ఆ రోజుల్లో కర్ణాటక అడవుల్లో వెదురు తరిగిపోతా వచ్చింది. గంపలు, చాటలు అల్లి బతికే మేదరోళ్ళు మొరపెట్టుకున్నారు. కాగితం మిల్లులకు టన్ను వెదురు రూపాయిన్నరకే పోయేది. తప్పు మాత్రం పల్లెటూరోళ్ళ మీద, వాళ్ళ పశువుల మీద పడేది. అసలు సంగతి తేల్చమని 1975లో ప్రభుత్వం గాడ్గిల్ గారికి అప్పజెప్పింది.

ఆయన అడవంతా తిరిగి, పల్లెటూరోళ్ళనే అడిగినారు. వెదురు పొద మొదట్లో ముళ్ళకొమ్మలు దట్టంగా అల్లుకొని ఉంటాయి కదా. వాటిని కొట్టేస్తే పొద బాగా ఎదుగుతుందని అడవి పనులు చూసేవాళ్ళ నమ్మకం. పల్లెటూరోళ్ళేమో, "వానాకాలంలో లేచే లేత పిలకలకు ఆ ముళ్ళే కంచె సామీ, అది పోతే పశువులు, కొండముచ్చులు, ఏదుపందులు బతకనీవు" అన్నారు. ఆయన ఏళ్ళ తరబడి పొదలు లెక్కబెట్టి చూస్తే వాళ్ళ మాటే నిజమైంది.

1983లో ఆయన మా ఇన్‌స్టిట్యూట్‌లోనే పర్యావరణ శాస్త్రాల కేంద్రం మొదలుపెట్టినారు. ఆ కేంద్రానికే చెందిన సుకుమార్ గారు 1988లో తమిళనాడు ముదుమలైలో 50 హెక్టార్ల అడవి తీసుకొని, చెట్టుచెట్టుకూ నంబరు బిళ్ళ వేయించినారు. నిప్పుకు ఏది పోయింది, ఏనుగు ఏది విరిచింది, మళ్ళీ ఏది చిగురించింది అని ఏటా చూసుకోవాల. అడవికి తగిలిన దెబ్బ మానేది ఒక మనిషి ఆయుస్సులో చూసే పని కాదు నాయనా. ఒకరు రాసిన లెక్క ఇంకొకరు అందుకోవాల.

ఆ ఎనభైలలోనే మా క్యాంపస్‌లో ఎండిన తుప్పల నేల మీద పడమటి కనుమల మొక్కలు నాటినారు. ఒకటిన్నర హెక్టార్లు. నా ఈ చేతులతోనే నీళ్ళు పోసినా. ఇప్పుడు అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. రాత్రయితే దేవాంగపిల్లులు కొమ్మ మీంచి కొమ్మకు పాకుతాయి.

పో, ఆ కంప సర్ది పెట్టు. మేకకు అందనంత ఎత్తుకు నేరేడు ఎదిగినాక, ఆ ఏటి భోగికి నువ్వే తీసి మంటలో వేద్దువు.